పెరటి పొయ్యికి సెలవు

పులికాట్ సరస్సు పక్కన కూడా చలి ఉంటుందంటే లంబసింగి వాళ్ళు నవ్వుతారు. సంక్రాంతి తెల్లవారుజామున సైతం 20 డిగ్రీల దగ్గర ఆగిపోయే చలి మాది. దానికే మేం చెవులకు మఫ్లర్ చుట్టుకుంటాం, పిల్లలకు టోపీలు తొడుగుతాం. మంటను మాత్రం గదిలోకి తెచ్చుకునేంత అవసరం ఎన్నడూ పడలేదు. మా కట్టెలన్నీ వాకిట్లోనో పెరట్లోనో కాలతాయి. వాకిట్లోది ఒళ్ళు కాచుకోవడానికి, పెరట్లోది నీళ్ళు కాచుకోవడానికి.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని సామెత. ఆ సామెత కట్టినవాళ్ళు ఈ ఒడ్డున కాపురం చేసినవాళ్ళు కాదనుకుంటాను. ఇక్కడి చలి ఒక్కరోజులో పోదు, వాయిదాల మీద పోతుంది. భోగికి ఊరంతా పోటీ పడి మొద్దులు తగలేస్తుంది. నీళ్ళపొయ్యికి ఎన్నో రోజులు వచ్చే కట్టె ఒక్క తెల్లవారుజామునే బూడిదవుతుంది. ఆ తర్వాత వీధిమంట దగ్గర మనుషులు పలచబడతారు. చితుకులు ఏరుకొచ్చే పిల్లలు పరీక్షల్లో పడతారు. సాయంత్రం స్నానాలు చన్నీళ్ళకు మారతాయి. ఇక మిగిలేది పొద్దుటి వేన్నీళ్ళ అండా ఒక్కటే. దాన్ని దించాలా వద్దా అన్నది ఇంటింటి తగువు.

"మధ్యాహ్నం ఫ్యాన్ లేకుండా ఉండలేకపోతున్నాం, ఇంకా ఉడుకునీళ్ళేందవ్వా?" అంటాడు మనవడు. "మోకాళ్ళు నీయి కాదు గదరా" అంటుంది అవ్వ. సరస్సులో ఫ్లెమింగోలు తిరుగు ప్రయాణం మొదలుపెట్టినా ఆ తగువు తెగదు. నన్నడిగితే నా ఓటు అవ్వకే.

ఈ పొయ్యిలో కాలే కట్టె ముఖ్యంగా రెండు రకాలు. తమాషా ఏమిటంటే, రెండూ బయటి నుంచి వచ్చినవే. సరుగుడు ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా తీరాల చెట్టు. మద్రాసు పట్నం పొయ్యిలకూ, ఆనాటి రైలింజన్లకూ కట్టె కావాలని 19వ శతాబ్దంలో మన తీరపు ఇసుకలో తోటలుగా వేశారు. సర్కారు తుమ్మ కథా అలాంటిదే. 1876లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ దొర దాని గింజలు తెప్పించమని ప్రభుత్వానికి రాశాడు. జమైకా నుంచి వచ్చిన ఆ విత్తనాన్ని కడప జిల్లా కమలాపురం దగ్గర నాటారు. వంటచెరకు కోసం పిలిచిన చెట్టు ఇప్పుడు చెరువుగట్లూ బీళ్ళూ ఆక్రమించి, పొమ్మన్నా పోవడం లేదు.

కట్టె మా దగ్గర చలిసరుకు కాకముందు వ్యాపార సరుకు. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్విన కాలువ తర్వాత పులికాట్ దాకా, ఆపైన ఉత్తరానికి సాగి బకింగ్‌హాం కాలువ అయింది. శ్రీహరికోట దీవి అడవి కట్టె ఆ కాలువలో పడవలెక్కి మద్రాసు వంటిళ్ళకు పోయేది. 1969లో ఆ దీవిని రాకెట్ల కోసం ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. అడవి మీదే బతికిన యానాదుల జీవితం అక్కడితో మారిపోయింది. అడవి గేటు లోపల ఉండిపోయింది. రాకెట్ మంట చూడటానికి సూళ్ళూరుపేటలో మేడలెక్కే మేమే, కిందికి దిగి నీళ్ళపొయ్యి ఊదుకుంటాం. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ నాకు కనిపించదు.

గ్యాస్ రాలేదా అంటే వచ్చింది. 1999 నాటి దీపం పథకంతో మొదలై, 2024 దీపావళి నుంచి ఏడాదికి 3 ఉచిత సిలిండర్ల దాకా వచ్చాం. వంటకే చాలీచాలని సిలిండర్‌ను స్నానాల నీళ్ళకు తగలేసే ఇల్లాలు ఉండదు. గీజర్ పెట్టుకున్నవాళ్ళ ఇళ్ళలోనూ పెరటి పొయ్యి ఒక మూల ఉంటుంది, కరెంటు పోయినప్పుడు పనికొస్తుందని.

పొగ మాట దాటవేయకూడదు. ఇళ్ళలోని పొయ్యిల పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పెరట్లో పొయ్యి కదా, పొగంతా పైకే పోతుందిలే అనుకునేవాళ్ళు దాన్ని ఊదే మనిషి కళ్ళు చూడాలి. ఆ పొగలో సగం పాపం పచ్చికట్టెది. అప్పుడే కొట్టిన కట్టె బరువులో దాదాపు సగం నీళ్ళే ఉంటాయి. ఆ నీళ్ళు ఆవిరయ్యేదాకా మంట నీళ్ళ అండాను కాదు, కట్టెనే కాస్తూ ఉంటుంది.

మా వైపు చిక్కు ఇక్కడే. మాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అంటే చలికి ముందు పడేది వాన. చలి మొదలయ్యాక కట్టె కోసం వెళితే దొరికేది తడిసిందే. ఆరబెడదామంటే ఎండ ఉండదు. చలికాలం పొయ్యికి కట్టె సిద్ధం చేయాల్సింది ఎండాకాలంలోనే. ఆ సంగతి పొయ్యి ఆరిపోయిన వారానికే అందరూ మరిచిపోతారు.

అందుకని, అండా దించేసే వారమే ఈ పనులు చేయండి. పొయ్యిలో బూడిద మొత్తం ఎత్తండి. కొంత చిక్కుడు పాదుకు పేనుపట్టిన చోట చల్లండి, మిగిలింది గిన్నెలు తోముకోను దాచండి. పాత కట్టె కదిపేటప్పుడు చేతులు పెట్టకండి, ముందు కర్రతో కదపండి. తేళ్ళుంటాయి. రాళ్ళు పరిచి వాటి మీద కొత్త కట్టె పేర్చండి, నేలకు ఆనిస్తే చెద పడుతుంది. మొద్దుల్ని అలాగే వదలకుండా చీల్పించండి. దీపావళికి ముందే పైన పట్టా కప్పండి. కార్తీకంలో మీ కట్టెలవాడు ఎంత ధర చెప్పినా ఆ ఏడాది మీకు పట్టింపు ఉండదు.