వినిమయ విద్య

వినిమయ మనగా ఒక వస్తువు నిచ్చి మఱియొక వస్తువును పుచ్చుకొనుట. నాణెము పుట్టకమునుపే ఈ వ్యవహారము పుట్టినది. ధాన్యమిచ్చి ఉప్పు తెచ్చుకొన్నవాడును, నూలిచ్చి నూనె తెచ్చుకొన్నవాడును వినిమయము చేసినవారే. ఇందొక ధర్మము కలదు. వట్టిచేతులతో సంతకు పోయినవాడు వినిమయము చేయజాలడు. వాడు యాచకుడైన కావలెను, ఋణగ్రస్తుడైన కావలెను. ఇప్పుడు విశ్వవిద్యాలయములు విద్యార్థులనుకూడ ఇట్లే వినిమయము చేసికొనుచున్నవి. వారిలో వాణిజ్యము చదువుకొనువారు పెక్కండ్రు కలరు. పరదేశమునకు వ్యాపారవిద్యకై పోవు మన పిల్లలు తమ మూటలో ఏమి కట్టుకొని పోవుచున్నారు? ఈ ప్రశ్న కొన్నియేండ్లుగా నా మనసున మెదలుచున్నది.

ఈ ఏర్పాటు నిన్నమొన్నటిది కాదు. 1923లో అమెరికాయందలి డెలావేర్ విశ్వవిద్యాలయము ఎనమండుగురు విద్యార్థులను ఒక సంవత్సరము చదువుకై ఫ్రాన్సునకు పంపెను. 1987లో ఐరోపాలో ఎరాస్మస్ అను పథకము ఆరంభమై, మొదటియేట పదునొకండు దేశములనుండి 3,244 మంది పిల్లలను సరిహద్దులు దాటించెను. ఇట్టి ఒప్పందములయందలి మేలేమన, విద్యార్థి రుసుమును తన కళాశాలకే చెల్లించును. ఆతిథ్యమిచ్చిన కళాశాల వానియొద్ద బోధనరుసుము తీసికొనదు. బదులుగా వారి విద్యార్థి ఇచటికి వచ్చును. అచటి చదువునకు తూకము కలదు. ఐరోపాలో సంవత్సరమునకు 60 క్రెడిట్లు, అర్ధసంవత్సరమునకు 30. ఆ తూకమును ఇంటి కళాశాల తన పద్దులో జమకట్టుకొనును. ఇది దానము కాదు, వలసయు కాదు. సమానుల నడిమి బేరము.

మా చెల్లెలి కుమార్తె మన దేశమున మేనేజిమెంటు చదువుచుండగా, 2022లో ఆమెకు డెన్మార్కునందలి కోపెన్‌హేగెన్ నగరమున అర్ధసంవత్సరము చదువు అవకాశము కలిగెను. 1917లో స్థాపింపబడిన కోపెన్‌హేగెన్ బిజినెస్ స్కూల్ ఆ విద్యాలయము. ఆమె తండ్రికి రేపల్లె ప్రాంతమున కిరాణాకొట్టు కలదు. ఆయన తల యడ్డముగా ఊపెను. పూర్వము సముద్రము దాటినవానిని కులములో వెలివేసెడివారు. 1888లో ఇంగ్లండు వెళ్ళిన మోహనదాస్ గాంధీని ఆయన వణిక్కులమువారే వెలివేసిరి. ఓడలెక్కి సరకు పంపిన జాతికి ఓడయెక్కిన కుఱ్ఱవాడు పనికిరాకపోవుట వింతయే! ఇప్పుడా కులసభలు లేవు. వాటి తావున పెండ్లిబేరములు కూర్చున్నవి. “ఆడపిల్ల ఒంటరిగా అంతదూరము పోయిన రేపు సంబంధములు వచ్చునా, బావగారూ?” అని మా బావ నన్నడిగెను. బోధనరుసుము లేకున్నను, విమానమునకు, గదికి, తిండికి కావలసిన సొమ్మేమి తక్కువది కాదు. తుదకు మా అమ్మ తన నాలుగుపేటల గొలుసు తీసి బల్లమీద పెట్టి, “దీనిని నేను పైకి మోసికొని పోనుగదా” అనెను. గొలుసు కుదువకు పోయెను; పిల్ల విమానమెక్కెను.

అచటి మార్కుల పద్ధతి ఉపాధ్యాయుడనైన నాకు విచిత్రముగ తోచెను. ఉత్తమమునకు 12, అధమమునకు సున్నకంటె దిగువగా -3. 02 వచ్చిన గట్టెక్కినట్లు. నోటిపరీక్షలు కలవు, కంఠస్థము చేసిన వాక్యములు రెండవ ప్రశ్నకే చెదరిపోవును. కాని మా పిల్లను కలతపెట్టినది పరీక్ష కాదు. చిల్లర వర్తకమును గూర్చిన ఒక పాఠమున ఐదుగురు కలసి వ్యాసము వ్రాయవలసియుండెను. “మీ తండ్రిగారు వర్తకులు కదా, హామీపత్రము లేకయే జనులకు అరువెట్లు ఇత్తురు? ఎంతకాలమునకిత్తురు? రానిబాకీ నేమిచేయుదురు?” అని తోడివారడిగిరి. ఆమె నోట మాట రాలేదు. అమెరికా కంపెనీల చరిత్రములు ఆమెకు కరతలామలకములు. తన్ను పెంచిన కొట్టు మాత్రము తెలియదు. కారణము స్పష్టము. ఆ యింట గల్లాపెట్టె దగ్గఱ కూర్చున్నది అన్నగారు. ఆడపిల్లకు కొట్టుతో గల సంబంధము, మధ్యాహ్నము తండ్రికి అన్నపుక్యారేజి అందించువఱకే.

ఆనాటినుండి రాత్రి కొట్టు మూసినపిదప తండ్రికి ఫోను వచ్చుచుండెను. మనకు తొమ్మిదిగంటలైనప్పుడు శీతకాలమున అచట సాయంకాలము నాలుగున్నర. చిట్టాయనగానేమి, ఆవర్జాయనగానేమి, వరి అమ్మిన పిమ్మట ఎవరు ముందు వచ్చి తీర్చుదురు, కౌలురైతునకు అరువు ఎంతవఱకు ఇయ్యవచ్చును? ఆయన చెప్పుచుండగా ఆమె వ్రాసికొనెను. ఆమె కూడ ఆయనకు సంగతులు చెప్పెను. 1882లో ఆ దేశమున యెడింగ్ అను పల్లెయందు రైతులు కలసి పాలకేంద్రము పెట్టుకొనిరట. పాలనుండి మీగడ తీయు యంత్రము ఒక్కొక్కరు కొనజాలనిదగుటచే అందఱు చేరి కొనిరట. అట్టి సంఘములలో ఎన్ని ఆవులున్నను మనిషికి ఒక్క వోటేయట. మా బావ చాలసేపు ఊరకుండి, “ఆవులెక్కువ యున్నవాడు ఒప్పుకొనెనా?” అని అడిగెనట! ఇంతకంటె మంచి ప్రశ్న ఏ తరగతిగదిలో పుట్టును? మఱునాడు ఆయన నాతో, “ముప్పదియేండ్లుగా కొట్టు నడపుచున్నాను; ఎట్లు నడపుచున్నావని అడిగినవారు లేరు” అనెను.

ఆమె తిరిగివచ్చిన తరువాత ఇరుగుపొరుగువారు జీతమెంతవచ్చునని అడిగిరి. కళాశాలవారు మార్కులపట్టిక పుచ్చుకొని క్రెడిట్లు లెక్కవేసికొనిరి. ఏమి చూచితివని అడుగలేదు. అడిగినది తండ్రి యొక్కడే. ఆయన ఆవర్జా తెచ్చి ఆమె ముందు పెట్టెను. రెండుదినములు లెక్కకట్టి ఆమె ఒక సత్యము తేల్చెను. కొట్టును క్రుంగదీయు మొండిబాకీలు కూలివారివి కావు, కౌలుదారులవియు కావు. అడుగుటకు మొగమోటపడు పెద్దమనుష్యులవి. బీదవాడు పస్తుండియైన చెల్లించుచున్నాడు. మేడవాడు మందహాసము చేసి పోవుచున్నాడు. కొట్టులో నిత్యము కూర్చున్న అన్నగారికి కనబడనిది ఈమెకు కనబడెను. ఇప్పుడామె హైదరాబాదున ఉద్యోగము చేయుచు, నెలకింతయని గొలుసు అప్పు తీర్చుచున్నది. గొలుసు ఇంకను విడివడలేదు.

చదువరులారా, ఇందు విచారింపవలసిన విషయములు రెండు. అవ్వ మెడలో గొలుసు లేని పిల్ల సంగతియేమి? సమానుల బేరమని చెప్పుకొను ఈ ఏర్పాటు, దారిబత్తెము గలవారికే దక్కినయెడల సగమే సమానము. ఒప్పందపత్రముపై సంతకముచేసి పత్రికలలో ఛాయాచిత్రము వేయించుకొను విద్యాలయములు, అందులో ఒక్క బీదవిద్యార్థికైన దారిఖర్చు ఏర్పఱచినగాని ఆ సంతకమునకు విలువలేదు.

రెండవది మన యిండ్లలోనిది. కొడుకునకు గల్లాపెట్టె, కూతురునకు క్యారేజి అను పంపకము మానవలెను. పదియేండ్లు వచ్చిన పిల్లకు ఇంటి ఆదాయవ్యయములు తెలుపుడు. పొలమున్నవారు పెట్టుబడి ఎంతయో చెప్పుడు. మగ్గమున్నవారు నూలు ధర చెప్పుడు. అప్పులున్న దాచక చెప్పుడు. బడులలో మేమును పిల్లలను సంతకు తీసికొనిపోయి, ఏ సరకు ఎచటినుండి వచ్చినదో, ఎవరికెంత మిగిలినదో వారిచే వ్రాయింపవలెను. అట్టి పిల్ల కోపెన్‌హేగెనుకు పోయినను, ఏలూరునకు పోయినను, ఎదుటివారు అడిగినప్పుడు ఇచ్చుటకు ఆమెయొద్ద సరకుండును. ఇచ్చుటకు కలిగినవారే పుచ్చుకొనుటయు బాగుగ నేర్తురు.