సంచీ బోర్లిస్తే

గుంటూరు కొత్తపేటలో ఆ ఫిజీషియన్‌ దగ్గరికి రెండోసారి వచ్చే పేషెంట్లు చేతిసంచీతో వస్తారు. అది ఆయన పెట్టిన షరతు. మందుల చీటీ ఒక్కటే చాలదు, ఇంట్లో మింగేవీ తాగేవీ చప్పరించేవీ అన్నీ పట్టుకురావాలి. చీటీలో లేనివెన్నో సంచీలో ఉంటాయని తెలుసుకోవడానికి ఆయనకు పదేళ్ల ప్రాక్టీసు పట్టింది. ఉసిరి రసం, తులసి చుక్కలు, పెళ్లిలో పక్క కుర్చీ పెద్దమనిషి చెప్పిన పొడి, అమెరికా డబ్బాలు. “మందులేమన్నా వాడుతున్నారా?” అంటే “లేదండీ” అనేవాళ్ల సంచీలోనే ఇవన్నీ దొరుకుతాయి. వాళ్లు అబద్ధమాడటం లేదు. వాళ్ల లెక్కలో ఇవి మందులు కావు.

తెనాలి నుంచి వచ్చే రిటైర్డ్ లెక్కల మాస్టారి సంచీలోంచి ఒకరోజు ఆరు డబ్బాలు బయటపడ్డాయి. మాస్టారికి 68 ఏళ్లు. గుండెకు స్టెంటు వేసి రెండేళ్లయింది. ఎల్‌డీఎల్, అదే చెడు కొలెస్ట్రాల్, 70 దాటకూడని మనిషికి 148 ఉంది. అంతకుముందు పరీక్షలో 62.

“బిళ్ల వేసుకుంటున్నారా మాస్టారూ?”

ఆయన కిటికీకేసి చూశాడు. జవాబు భార్య చెప్పింది. “దాంతో పిక్కలు పీకేస్తున్నాయని నాలుగు నెలల కిందటే మానేశారండీ. న్యూజెర్సీ నుంచి అమ్మాయి ఇవి పంపింది. వీటితో ఏ నొప్పీ లేదంటున్నారు.”

చేప నూనె, వెల్లుల్లి, దాల్చినచెక్క, పసుపు, మల్టీవిటమిన్, ఎర్ర ఈస్ట్ బియ్యం. డాక్టరుగారికి నవ్వొచ్చింది. మల్టీవిటమిన్ తీసేసి మొక్కల స్టెరాల్స్ పెడితే, అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్లు పరీక్షకు పెట్టిన ఆరూ ఇవే. 40 నుంచి 75 ఏళ్ల లోపు, గుండెజబ్బు లేని 190 మందిని గుంపులుగా విడగొట్టి 28 రోజులు చూశారు. ఒక గుంపుకు రోసువాస్టాటిన్ 5 మిల్లీగ్రాములు (మాస్టారు మానేసిన స్టాటిన్ జాతి బిళ్లే), ఒక గుంపుకు ఉత్తుత్తి బిళ్ల, మిగిలిన ఆరింటికీ తలా ఒక సప్లిమెంటు. 2022 నవంబరులో ఫలితాలు బయటపెట్టారు. స్టాటిన్ గుంపులో ఎల్‌డీఎల్ దాదాపు 38 శాతం తగ్గింది. సప్లిమెంట్లలో ఒక్కటీ ఉత్తుత్తి బిళ్లను మించలేదు. వెల్లుల్లి గుంపులోనైతే ఎల్‌డీఎల్ పెరిగింది.

“ఆ పరీక్షకి డబ్బు పెట్టిందెవరు?” అన్నాడు మాస్టారు. పాత అలవాటు, మెట్లు సరిగా లేకపోతే మార్కులు వేయడు. డాక్టరుగారు దాచలేదు. ఆ స్టాటిన్ తయారుచేసే కంపెనీయే పెట్టింది. పైగా 28 రోజులు తక్కువ కాలమే. కానీ వెల్లుల్లి సంగతి అంతకుముందే తేలింది. 2007లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ 192 మంది మీద ఆరు నెలలు జరిపిన పరీక్షలో కొందరికి పచ్చి వెల్లుల్లే పెట్టారు, రోజుకో రెబ్బ చొప్పున, వారానికి ఆరు రోజులు. ఎల్‌డీఎల్ కదల్లేదు. పరగడుపున రెబ్బ నమిలితే గుండెకు మంచిదన్న మన నమ్మకానికి ఇంత ఓపిగ్గా పరీక్ష పెట్టినవాళ్లు అమెరికావాళ్లే కావడం విచిత్రం.

“మరి మన గుగ్గులు?”

ఇది మంచి ప్రశ్న. సుశ్రుత సంహితలో చెప్పిన మేదోరోగ (కొవ్వు జబ్బు) లక్షణాలను పట్టుకుని 1966లో బనారస్ హిందూ యూనివర్సిటీలో జి.వి.సత్యవతి గుగ్గులు మీద చేసిన పరిశోధన చిన్నది కాదు. లక్నో పరిశోధకులు దాని నుంచి మందు కూడా తయారుచేశారు. తీరా 2003లో ఫిలడెల్ఫియాలో 103 మంది మీద ఎనిమిది వారాలు పరీక్షించి చూస్తే, గుగ్గులు వాడినవాళ్లకి ఎల్‌డీఎల్ కాస్త పెరిగింది, కొందరికి దద్దుర్లు వచ్చాయి. మాస్టారు ఇంకేమీ అడగలేదు.

అసలు కథ ఆరో డబ్బాది. దాన్ని మాస్టారు ఎర్రబియ్యం అనుకున్నాడు. “తాతలనాటి తిండేగా” అన్నాడు. కాదు. మన ఎర్రబియ్యానికి రంగు తవుడులో ఉంటుంది. ఇది మామూలు బియ్యం మీద మొనాస్కస్ అనే బూజును పెంచి పులియబెట్టింది. జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో 1979లో ఆ జాతి బూజు నుంచే మొనకోలిన్-కె అనే పదార్థాన్ని వేరుచేశాడు. 1987లో అమెరికాలో మొట్టమొదటి స్టాటిన్‌గా అమ్మకానికొచ్చిన లోవాస్టాటినూ అదీ ఒకటే అణువు. అంటే స్టాటిన్ వద్దని మానేసిన మాస్టారు, నాలుగు నెలలుగా స్టాటినే మింగుతున్నాడు! ఎంత మింగుతున్నాడో మాత్రం ఎవరికీ తెలియదు. అమెరికాలో 28 బ్రాండ్లను పరీక్షిస్తే రెండింట్లో ఆ పదార్థం బొత్తిగా లేదు. మిగతావాటిలో ఒకదానికీ ఇంకోదానికీ 60 రెట్లకు పైగా తేడా. సరిగా తయారుచేయకపోతే మూత్రపిండాలను దెబ్బతీసే సిట్రినిన్ కూడా అందులో చేరొచ్చు. 2024లో జపాన్‌లో ఈ బియ్యం మాత్రలు తిని వందలమంది కిడ్నీ జబ్బులతో ఆస్పత్రుల్లో చేరారు. అది వేరే బూజు కలిసినందువల్ల.

మాస్టారు డబ్బాలు తెచ్చిన రోజుకు ముందు ఏడాది ఒక బ్యాంకు ఉద్యోగిని డాక్టరు రాసిన అటోర్వాస్టాటిన్‌తోపాటు ఇదే బియ్యం కూడా వాడి, మెట్లెక్కలేక వచ్చింది. కండరాలు దెబ్బతిన్నట్టు చెప్పే సీపీకే పరీక్ష ఉండాల్సినదానికి ఐదు రెట్లు చూపించింది. డబ్బా ఆపాక మూడు వారాల్లో సర్దుకుంది. ఆమె నొప్పి మందు తెచ్చిందే.

మాస్టారిదో? సీపీకే మామూలుగానే ఉంది. 2020లో లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్లు, బాధలు తట్టుకోలేక స్టాటిన్ మానేసిన 60 మందిని తీసుకుని కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తుత్తి బిళ్ల, కొన్ని నెలలు ఖాళీ సీసా ఇచ్చారు. బిళ్ల లేని నెలల్లో బాధలు తక్కువ. స్టాటిన్‌తో ఎంత బాధ పడ్డారో, అందులో 90 శాతం ఉత్తుత్తి బిళ్లతోనూ పడ్డారు. నొప్పి నిజమే, పుట్టించింది మందు కాదు. ఈ మాట పేషెంటు ముఖాన అనడం డాక్టరుగారికి ఇప్పటికీ చేతకాదు, అంటే “నేను నాటకమాడుతున్నానా?” అని లేచిపోయినవాళ్లున్నారు. అందుకే మాస్టారికి చిన్న డోసుతో మళ్లీ మొదలుపెట్టించి, రోజూ సాయంత్రం నొప్పికి పదికి ఎన్ని మార్కులో నోటు పుస్తకంలో వేయమన్నాడు. రాత్రి ఓ చెంచా ఇసబ్‌గోల్ కూడా కలుపుకోమన్నాడు. “నాకు మలబద్ధకం లేదే!” అన్నాడు మాస్టారు. కొలెస్ట్రాల్‌ను 5 నుంచి 10 శాతం దాకా తగ్గించే ఆ పొట్టు మన మందులషాపుల్లోనే దొరుకుతుంది. న్యూజెర్సీ నుంచి రానక్కర్లేదు.

సప్లిమెంట్ల విషయంలో డాక్టరుగారు పెద్ద మాటలేమీ చెప్పడు. 2018లో దాదాపు 26 వేలమంది మీద జరిగిన పరీక్షలో రోజుకో గ్రాము ఒమేగా-3తో గుండెపోట్లు, పక్షవాతాలు, గుండెజబ్బు మరణాలు అన్నీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గంత తగ్గలేదని తేలేదాకా, ఆయన టేబులు సొరుగులోనూ చేప నూనె డబ్బా ఉండేది.

మూడు నెలలకు మాస్టారు వచ్చాడు. ఎల్‌డీఎల్ 67. పుస్తకంలో గళ్లు గీసి మార్కులు నీటుగా వేశాడు. ఏడు దాటిన రోజులు నాలుగే. వాటి పక్కన చిన్న అక్షరాలతో “బస్సులో నిలబడి ప్రయాణం” అని రెండుసార్లు, “మనవడితో షటిల్” అని రెండుసార్లు రాసి ఉంది. సంచీలో ఇంకా వెల్లుల్లి డబ్బా ఉంది.

“పారేయబుద్ధి కాలేదండీ,” అంది భార్య. “అమ్మాయి కొన్నది గదా.”