వాద్యమూ, వాద్యకారుడూ

సంగీతాన్ని గురించి మన పత్రికల్లో వచ్చే విమర్శ చాలా తక్కువ. ఆ వచ్చినది కూడా పాటలోని మాటల చుట్టూనే తిరుగుతుంది. మాట ఏ వర్గం పక్షాన ఉన్నదో వెతకడం మనకు బాగా అలవాటు. మాటలేని సంగీతం ఎదురైతే, దానికి వర్గమేమిటని ఊరుకుంటాం. ఇది ఎంతవరకు సబబు? క్యూబా దేశపు పియానో విద్వాంసుడు చూచో వాల్దేస్, తన బృందం 'ఆఫ్రో-క్యూబన్ మెసెంజర్స్'తో కలిసి 2013లో వెలువరించిన 'బార్డర్ ఫ్రీ' అనే ఆల్బం నన్ను ఈ ప్రశ్నలోకి దించింది. ఎల్లలు లేనిది అని ఆ పేరుకు అర్థం. ఎల్లలంటే ఏమిటో కోనసీమలో పాఠాలు చెప్పుకుని బతికినవాడికి ఎవరూ వివరించనక్కరలేదు. ఇక్కడ ఎంత పచ్చని కొబ్బరితోటల మధ్యనైనా ప్రతి ఊరికీ ఒక ఎల్ల ఉన్నది. దానికి ఇవతల ఊరు, అవతల పేట.

ముందు ఆ సంగీతం ఎక్కడనుంచి వచ్చిందో చూద్దాం. చెరకు తోటల్లో చాకిరీ కోసం ఆఫ్రికానుంచి లక్షలాది మనుషులను ఓడల్లో కుక్కి క్యూబాకు తెచ్చారు. అక్కడ బానిసత్వం చట్టరీత్యా రద్దయింది 1886లో. ఆ మనుషులనుంచి భూమినీ, భాషనూ, పేరునూ లాక్కోగలిగారు గాని, చేతుల్లోని తాళాన్ని లాక్కోలేకపోయారు. యోరుబా జాతివారు తమ 'బాతా' డోళ్ళను కొత్త నేలమీద మళ్ళీ తయారు చేసుకున్నారు. అవి మూడు. పెద్దదాని పేరు 'ఇయా', అంటే తల్లి. ఆ తల్లి డోలు ప్రశ్న వేస్తుంది, మిగిలిన రెండూ జవాబు చెబుతాయి. చాలాకాలం ఈ డోళ్ళు పూజాగృహాల గోడలు దాటి రాలేదు. 1936లో ఫెర్నాందో ఓర్తిస్ అనే పండితుడు హవానాలో ఏర్పాటు చేసిన సభలో మొదటిసారి బయటి జనం ముందు మోగాయి.

చూచో వాల్దేస్ 1941లో పుట్టాడు. తండ్రి బేబో వాల్దేస్ కూడా గొప్ప పియానో విద్వాంసుడే. హవానాలోని ట్రోపికానా నాట్యశాలలో పనిచేశాడు. 1952లో 'బాతాంగా' అనే కొత్త తాళం కట్టి, బాతా డోలును నృత్య వాద్యబృందంలోకి తెచ్చాడు. 1960లో దేశం విడిచి వెళ్ళిపోయాడు. కొడుకు అక్కడే ఉండి, 1973లో 'ఇరాకెరె' అనే బృందాన్ని స్థాపించి, తండ్రి వేసిన దారిని రాజమార్గం చేశాడు. తండ్రీ కొడుకులు మళ్ళీ ఒకరినొకరు చూసుకున్నది 1978లో, న్యూయార్కులో. 'బార్డర్ ఫ్రీ' వెలువడిన సంవత్సరంలోనే బేబో చనిపోయాడు. ఆల్బంలో తండ్రి పేర ఒక కృతి, తల్లి పేర ఒకటి, నాయనమ్మ పేర ఒకటి ఉన్నాయి. మరొక దాని పేరు 'ఆఫ్రో-కొమాంచె'. ఉత్తర అమెరికా ఆదివాసులైన కొమాంచెలు కొందరు బందీలుగా క్యూబా చేరి నల్లవారితో కలిసిపోయిన కథను తలచుకుని కట్టినది అది.

ఈ సంగీతానికంతటికీ వెన్నెముక 'క్లావె' అనే తాళం. రెండు కర్రముక్కలు, రెండు ఆవర్తాల మీద అయిదు దెబ్బలు. మూడు ఒక వైపు, రెండు ఒక వైపు. మన చిడతలు పట్టినవారెవరికైనా పది నిమిషాల్లో పట్టుబడుతుంది. కాని ఆ అయిదు దెబ్బల శాసనాన్ని బృందంలో ఎవరూ దాటడానికి వీలులేదు. దొరల హాళ్ళలో పుట్టిపెరిగిన పియానో సైతం దానికి లొంగి నడవాలి. వాల్దేస్ ఎడమచేయి వినండి: అక్కడ పియానో పాడడం మానేసి డోలులాగా పలుకుతుంది. పాశ్చాత్య విద్యాలయంలో నేర్చిన వేళ్ళు పూజాగృహపు డోలు దగ్గర శిష్యరికం చేస్తాయి. మాట ఒక్కటీ లేకుండానే సంగీతం తన పక్షం చెప్పడం అంటే ఇదే.

ఆఫ్రికా తాళం మన నేలకు మరీ దూరపు చుట్టమేమీ కాదు. నిజాం కొలువులో ఆఫ్రికా సంతతి సైనికుల దళం ఉండేది. హైదరాబాదు రాజ్యం 1948లో భారతదేశంలో కలిసిన తరువాత అది రద్దయింది. ఆ 'ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్' కాపురమున్న పేటే నేటి ఏ.సీ. గార్డ్స్. వారూ అరబ్బులూ నిలిపిన మర్ఫా వాద్యం హైదరాబాదు పెళ్ళిళ్ళలో ఇప్పటికీ మోగుతుంది. చిందులు వేసేవారిలో ఎందరికి ఆ రెండు ఇంగ్లీషు అక్షరాల అర్థం తెలుసు? వాద్యం నిలిచింది, వాద్యకారుడు అక్షరాల వెనుక మరుగుపడ్డాడు.

మా పక్క పేటలో ఒక పెద్దాయన ఉన్నారు. డెబ్బయి ఏళ్ళు దాటిన చేతులు, డప్పు వాయించిన చేతులు. ఒకనాడు వాల్దేస్ బృందం కచేరీ ఫోనులో ఆయనకు చూపించాను. తాళం రెండు నిమిషాలు విని, తొడమీద వేసి చూసుకున్నారు.

"బాగుందండి. మరి ఆళ్ళు డప్పు కాసుకోరాండీ?" అన్నారు. గడ్డిమంట మీద కాస్తేగాని డప్పు పలకదు. బాతాను తోలుపట్టీలతో బిగిస్తారని చెప్పాను.

"ఆయ్. ఆ పెద్దదానికి గజ్జెలు కట్టారు సూడండి," అన్నారు. నిజమే, తల్లి డోలుకు గజ్జెలు ఉంటాయి. తరువాత ఆయన అడిగిన ప్రశ్న సంగీతశాస్త్రంలో లేదు. "మేష్టారూ, డోలాయన పేనో ఆయనకి సమంగా కూకున్నాడు. వాయించాక ఈళ్ళకి అన్నం ఎక్కడ పెడతారండీ?"

అందరికీ ఒక్కచోటేనన్నాను. పియానో వాయించే ఆయన కూడా ఆ పేటవాడే, బానిసల మనవడే అన్నాను.

పెద్దాయన నవ్వారు. "అదీ సంగతండి! పేటోడు పేనో దగ్గిరికెళ్ళాడు. అంచేత డోలు ముందుకొచ్చింది."

ఈ ఒక్క మాటలో ఉన్నంత విమర్శ నేను ఈ ఆల్బంమీద మరెక్కడా చదవలేదు. డోలును ఎవరో దయతలచి వేదిక ఎక్కించలేదు. డోలువారి బిడ్డలే పియానోనూ, స్వరలిపినీ, బృందాన్నీ చేతుల్లోకి తీసుకున్నారు. ఆల్బంలో బాతా వాయిస్తూ పాడే డ్రైజర్ దురుతి బొంబాలె పేరు, ఇతర తాళవాద్యాలు వాయించే యారోల్దీ అబ్రెయు పేరు, ట్రంపెట్ ఊదేవాని పేరుతో సమంగా అచ్చయి ఉన్నాయి. పక్కవాద్యం అనే మాటకు అక్కడ చోటు లేదు.

ఇక మన సంగతి. కనుమనాడు అంబాజీపేట మండలం మొసలపల్లిలో జగ్గన్నతోట తీర్థం జరుగుతుంది. చుట్టుపక్కల గ్రామాలనుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి. గంగలకుర్రు ప్రభలను భుజాలమీద మోస్తూ, పీకలోతు నీళ్ళలో కౌశిక దాటిస్తారు. డప్పులూ తాషాలూ మోగకపోతే ఆ భుజాలకు ఊపు రాదు. 2023 జనవరి 26న ఢిల్లీలో మన రాష్ట్రపు శకటం ఈ ప్రభల తీర్థమే. దేశమంతా చూసింది, మనమూ గర్వపడ్డాం.

దానికి ఎనిమిది నెలల వెనుక ఏం జరిగింది? 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా ఏర్పడింది. దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెడతామన్నందుకు మే 24న అమలాపురంలో ఒక మంత్రి ఇల్లు, ఒక శాసనసభ్యుని ఇల్లు తగలబెట్టారు. పేరు చివరకు నిలిచింది. కాని ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టి చూడవలసిన బాధ్యత మనమీద ఉన్నది. పేటనుంచి వచ్చే మోత కావాలి, పేట తన వాడనుకునే మనిషి పేరు వద్దు! వాద్యాన్ని వాద్యకారుడినుంచి విడదీసి అనుభవించే రసికత ఇది. దీనికి సంస్కృతి అని పేరు పెట్టినంత మాత్రాన దీని వర్గ స్వభావం, కుల స్వభావం మారవు.

అయితే క్యూబాను స్వర్గంగా చిత్రించడం విమర్శ కాదు. 1912లో హక్కులకోసం లేచిన నల్లవారిని అక్కడి ప్రభుత్వం వేల సంఖ్యలో చంపించింది. 1959 విప్లవం వర్ణవివక్షను చట్టంనుంచి తొలగించింది. కాని డోలుతో ముడిపడిన విశ్వాసాలను చాలాకాలం వెనుకబాటుతనంగానే చూసింది. మతవిశ్వాసం ఉన్నవారికి కమ్యూనిస్టు పార్టీ సభ్యత్వం తెరుచుకున్నది 1991లోగాని కాదు. వామపక్షాల వారమైన మనకు ఇందులో పాఠం ఉన్నది. ప్రజాకళ అని పేరు పెట్టుకున్న మన వేదికలమీద కూడా బుర్రకథలో నాజర్ పేరు నిలిచింది గాని, పక్కన గుమ్మెట్లు వాయించిన వంతల పేర్లు మనలో ఎందరు చెప్పగలం?

ఇంకొక తేడా కూడా ఉన్నది, అది మరీ ముఖ్యం. క్యూబాలో బాతా దాన్ని వాయించేవారి సొంత దేవుళ్ళకోసం మోగింది. మన డప్పు శతాబ్దాలపాటు ఊరికోసం, ఊరి చావుకోసం, ఊరి జాతరకోసం, ఊరి చాటింపుకోసం మోగింది. అది వెట్టి. అంచేత పేటల్లో ఎందరో యువకులు డప్పు దించేశారు. అది కళాద్రోహమని వాపోయే పెద్దమనుషులున్నారు. నేను ఒప్పుకోను. వాయించనని అనగలిగే హక్కు లేనిచోట వాయించడం కళ అనిపించుకోదు. 1994లో మాదిగ దండోరా తన ఉద్యమానికి చాటింపు పేరే పెట్టుకుని డప్పు ఎత్తినప్పుడు, ఆ డప్పు ఊరికోసం మోగలేదు. దించినవాడే ఎత్తాడు, తన మాట చెప్పుకోవడానికి ఎత్తాడు. బాతాకు వాల్దేస్ బృందంలో ఉన్న స్వేచ్ఛకు మన గడ్డమీద దగ్గరి పోలిక అదే.

మా మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న 'పాలేరు' నాటకంలో పాలేరుకు చదువు దారి చూపించాడు. పేటవాడు పియానో దగ్గరికి వెళ్ళడం అంటే అదే. మన కళాశాలల్లో, పాఠశాలల్లో వార్షికోత్సవానికి డప్పులవారిని పిలుస్తున్నాం. మంచిదే. పిలిచినప్పుడు వారి పేర్లు ఆహ్వానపత్రంలో అచ్చు వేయండి. గాయకుడికిచ్చినంత పారితోషికం ఇవ్వండి. ఒకే పంక్తిలో భోజనం పెట్టండి. రామని వారంటే, ఆ జవాబును గౌరవించండి. వారి పిల్లలకు స్వరలిపి, వాద్యబృంద నిర్వహణ, ఇష్టమైతే పియానో కూడా నేర్పించే బడి కావాలని అడగండి. ఇవి జరిగిన తరువాత మన నేలమీద పుట్టే సంగీతం ఎలా ఉంటుందో ఈనాడు చెప్పలేం. దాని తాళం ఎవరి చేతిలో ఉండాలో మాత్రం ఈనాడే చెప్పగలం.