కింది వరసలు

మా తమ్ముడికి దగ్గు పట్టుకున్నప్పుడు రక్తపరీక్ష కాగితం ముందు చూసింది నేనే. టోటల్ కౌంట్ 14,200. మామూలుగా 4,000 నుంచి 11,000 లోపు ఉండాలి. ‘కౌంట్ పెరిగింది, ఇన్ఫెక్షనే’ అని తేల్చేసి మందుల షాపులో యాంటీబయాటిక్ కొనుక్కొచ్చాను. కోర్సు అయిపోయినా దగ్గు తగ్గలేదు. ఇంకో రకం తెచ్చాను. పగలు బాగానే ఉండేవాడు. అర్ధరాత్రి దాటాక లేచి కూర్చుని దగ్గి దగ్గి ఆయాసపడేవాడు. పిల్లికూతలు పక్కగదిలోకి వినిపించేవి. ఆ కాగితంలో టోటల్ కౌంట్ కింద తెల్లకణాల రకాలు అయిదు వరసల్లో ఉన్నాయి. నేను వాటి జోలికే పోలేదు.

చివరికి ఊపిరితిత్తుల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ చూపు నేరుగా ఇసినోఫిల్స్ మీదికి పోయింది. 42 శాతం. కింద గీత గీసి, 14,200లో అది ఎంతో పక్కన లెక్కవేశారు. దాదాపు 6,000! 500 దాటకూడదట. “న్యూట్రోఫిల్స్ చూడమ్మా, 38 శాతమే. బాక్టీరియా పని అయితే సాధారణంగా ముందు పెరిగేవి ఇవే” అన్నారు.

ఆ అయిదు రకాల్లో ఒక్కోదానిదీ ఒక్కో పని. న్యూట్రోఫిల్స్ బాక్టీరియాను మింగేస్తాయి. మోనోసైట్లు కణజాలంలోకి చేరి పెద్ద భక్షక కణాలవుతాయి. లింఫోసైట్లలో కొన్ని యాంటీబాడీలు తయారుచేస్తే, కొన్ని వైరస్ సోకిన కణాలను చంపుతాయి. బేసోఫిల్స్ బహు తక్కువ, అలర్జీలో హిస్టమిన్ వదిలేవాటిలో అవీ ఉన్నాయి. ఇసినోఫిల్స్ ముఖ్యంగా పరాన్నజీవుల మీదికి వెళ్తాయి, అలర్జీలోనూ పెరుగుతాయి. అవి వదిలే విషపదార్థాలు పురుగును చంపడంతో ఆగవు, మన ఊపిరితిత్తులనూ గాయపరుస్తాయి. మాది బోదకాలు ఉన్న గోదావరి ప్రాంతం. దోమకాటుతో వచ్చి బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్లలు ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటే ఒంటి ప్రతిచర్య ఇలాగే ఉంటుందనీ, ఇంకో రెండు పరీక్షలు చేయించి ఖాయం చేసుకుందామనీ డాక్టరుగారు చెప్పారు.

అదే తేలింది. రాసిన మందు డీఈసీ, మూడు వారాలు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం 1940లలో అమెరికాలో ఫైలేరియాకు కనిపెట్టిన మందే. మా పక్క ఊళ్ల మనిషి కనిపెట్టిన మందు ఉండగా, వీడి రోగానికి ఏమాత్రం పనికిరాని మాత్రలు వీడి చేత మింగించాను.

తమ్ముడికి ఉన్నదున్నట్టు చెప్పాను. “నువ్వు తెచ్చావనేగా అక్కా వేసుకున్నాను” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మొదటి వారంలోనే రాత్రి దగ్గు తగ్గుముఖం పట్టింది. కోర్సు అయ్యాక ఇసినోఫిల్స్ 9 శాతానికి దిగాయి. ఈ జబ్బు తిరగబెట్టే అవకాశముంది కాబట్టి మళ్లీ చూపించుకోవాలన్నారు డాక్టరుగారు.