మూలమును వ్యాఖ్యయు

వ్రాతకు మూలమెంత ముఖ్యమో వ్యాఖ్యయు నంతే ముఖ్యమని మన పూర్వు లెరుగుదురు. కాళిదాసుని కావ్యములకు వ్యాఖ్యానము వ్రాసిన కోలాచల మల్లినాథసూరి, మూలమున ఆధారము లేనిదానిని వ్రాయకుండుటయు, అక్కరలేనిదానిని చెప్పకుండుటయు తనకు నియమముగా పెట్టుకొనెను. ఈ నియమమును మేము దినదినమును తలచుకొనవలసినవారము. ఏలయన మా వృత్తియు వ్యాఖ్య వ్రాయుటయే. అయితే మేము వ్యాఖ్యానించునవి కావ్యములు కావు. కంప్యూటరుచే నమలుజరుగు ఒడంబడికలు.

స్మార్టు కాంట్రాక్టు అన నేమో కొందరు చదువరులకు తెలియకపోవచ్చును. ఒకరి సొమ్ము మరియొకరికి ఎప్పుడు, ఏ షరతుపై చేరవలెనో ప్రోగ్రాము రూపమున వ్రాసి, పలు కంప్యూటర్లలో ఒకే విధముగా నుండు బ్లాక్‌చెయిన్ అను చిట్టాలో దాని నెక్కింతురు. షరతు నెరవేరిన పిమ్మట సొమ్ము చెల్లిపోవును. నడుమ గుమాస్తా లేడు, బతిమాలుకొనుటకు అధికారి లేడు. ఒకమారు ఎక్కించిన ప్రోగ్రామును సాధారణముగా దిద్దుటకు వీలును లేదు. ఇట్టి ఒడంబడికలలో మాటిమాటికి కావలసిన భాగములను ముందుగానే వ్రాసి, పరీక్షించి, ఎల్లరు వాడుకొనునట్లు ఒకచోట కూర్చిన దానిని లైబ్రరీ యందురు. 2016లో ఆరంభమైన ఓపెన్‌జెపెలిన్ లైబ్రరీ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము. మేము ధరణికోటలో మా యింటనే కూర్చుండి, అట్టి జాతికి చెందిన యొక చిన్న లైబ్రరీకి కామెంట్లను, వివరణ పత్రములను చక్కబెట్టుచుందుము.

మా బంధువులలో కొందరికి ఈ పని నవ్వులాటగా నున్నది. “ప్రోగ్రాము వ్రాయువాడు వేరొకడు. యంత్రము చదువని మాటలు దానిపై వ్రాయుటకు మీకు జీతమా?” అని యడుగుదురు. యంత్రము చదువదనుట నిజమే. కాని సొమ్ము యంత్రముది కాదు, మనుష్యులది. అందుచేతనే సాలిడిటీ భాషలో సామాన్యులకు తెలుపవలసిన మాటకు ‘నోటీసు’ అనియు, పనివారికి తెలుపవలసిన మాటకు ‘డెవ్’ అనియు వేర్వేరు గుర్తులు పెట్టినారు.

వ్యాఖ్య యెంత సొమ్మును కాపాడునో యింటి లెక్కతో చెప్పెదము. ఒక గృహిణి తన ఖాతానుండి 100 రూపాయల వరకు తీసికొనుమని పాలవానికి అనుమతి నిచ్చినదనుకొందము. నెల నడుమ తలపు మారి, ‘50 రూపాయలు మాత్రమే’ అని రెండవ చీటి పంపినది. చీటి దారిలో నుండగనే పాలవాడు దానిని పసిగట్టి మొదట 100 తీసికొనెను. చీటి చేరిన పిమ్మట దాని ప్రకారము మరల 50 తీసికొనెను. ఆమె ఇయ్యదలచినది 50, పోయినది 150. 2015లో ప్రతిపాదింపబడిన ఈఆర్‌సి-20 ప్రమాణములోని ‘అప్రూవ్’ అను ఫంక్షనుతో ఇట్టి ప్రమాదము సంభవింపవచ్చును. దారిలోనున్న చీటీలను బ్లాక్‌చెయిన్‌పై ఎల్లరును చూడగలరు గదా! ఇందు ఫంక్షను చేసిన తప్పేమియు లేదు. చెప్పినది చెప్పినట్లే చేసినది. ముందుగా అనుమతిని సున్నకు తగ్గించి, ఆలోపల వాడుకొన్న దెంతయో చూచుకొని, తరువాతనే క్రొత్త అనుమతి నీయుడని హెచ్చరించునది వ్యాఖ్య. ఆ నాలుగు పంక్తులు లేకున్న యంత్రమునకు లోటు లేదు. గృహిణికి 100 రూపాయలు లోటు.

అయితే వ్యాఖ్య యుండినంత మాత్రమున చాలదు. అది మూలముతోపాటు నడువవలెను. పూర్వము సాలిడిటీ భాషలో సున్న నుండి ఒకటి తీసివేసిన, ఫలము మిక్కిలి పెద్ద సంఖ్యయై కూర్చుండెడిది. దానిని నివారించుటకు సేఫ్‌మ్యాత్ అను భాగమును వాడుచుండిరి. 2020 డిసెంబరులో వెలువడిన 0.8.0 కూర్పునుండి ఆ కాపుదల భాషలోనే చేరినది. 2023లో ఓపెన్‌జెపెలిన్‌వారు తమ అయిదవ కూర్పునుండి సేఫ్‌మ్యాత్‌ను తొలగించిరి. అయినను పాత పాఠములు నేటికిని క్రొత్తవారిచేత దానినే వల్లెవేయించుచున్నవి. ఇది కేవలము వృథాశ్రమ. అంతకంటె కీడైనది మరియొకటి కలదు: ‘యజమాని మాత్రమే పిలువగలడు’ అని పైన వ్రాసియుండగా, క్రిందనున్న మూలములో ఆ కట్టుబాటును ఎవరో తీసివేసియుండుట. వ్యాఖ్య లేనిచోట మనుష్యుడు అనుమానించి మూలమును వెదకును. అబద్ధపు వ్యాఖ్య యున్నచోట నమ్మి నిద్రించును.

పోనిండు, పొరపాటు కనబడిన పిమ్మట దిద్దుకొందమన్న నదియు సులభము కాదు. సాలిడిటీ కంపైలరు మామూలుగా తాను సిద్ధపరచిన యంత్రలిపి తుద నొక ముద్ర వేయును. ఆ ముద్రను మూలపాఠముయొక్క అక్షరములన్నిటినుండి, కామెంట్లతో సహా, లెక్కకట్టుదురు. కామెంటులో నొక యక్షరము మార్చినను ముద్ర మారును. ఎక్కించిన ప్రతితో సరిపోలదు. కాబట్టి తప్పు వ్యాఖ్యయు ఆ ప్రతిని అంటిపెట్టుకొనియే యుండును. క్రొత్త కూర్పున దిద్దవచ్చునుగాని, పాతది పాతదే.

ధరణికోటవారికి ఈ సంగతి వింత కాదు. మా యూరు శాతవాహనులనాటి ధాన్యకటకము; ప్రక్కనున్న అమరావతి స్తూపమునకు రాళ్లు సమర్పించిన గృహస్థుల పేర్లు, స్త్రీల పేర్లు, వారి యూళ్ల పేర్లు బ్రాహ్మీలిపిలో చెక్కబడినవి. 1182 నాటి కోట కేతరాజు శాసనము అమరేశ్వరాలయపు స్తంభముపై నేటికిని కలదు. శివాలయములో నుండియు అది బుద్ధదేవునకిచ్చిన గ్రామములను, దీపములను చెప్పుచున్నది. ఆచంద్రార్కము నిలువవలెనని రాతిపై వ్రాసిరి, వ్రాత నిలిచినది. కాని 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీలిపిని విప్పిచెప్పువరకు స్తూపపు దాతల పేర్లు చదువగలవారే లేకపోయిరి. ఈలోపల ఎన్ని రాళ్లు సున్నపుబట్టీల పాలైనవో! వ్రాత చెరగకుండుట ఒకటి, అర్థము చెరగకుండుట మరియొకటి.

“మూలమే శాసనము, వ్యాఖ్యతో పనిలేదు” అను పండితులును కలరు. 2016లో డావో అను సంఘమువారు తమ ప్రోగ్రామునకును వివరణకును భేదము వచ్చినచో ప్రోగ్రామే ప్రమాణమని ముందుగానే ప్రకటించిరి. ఆ సంవత్సరము జూనులో ఒకడు ఆ ప్రోగ్రాములోని సందునుండి సుమారు 36 లక్షల ఈథర్లను లాగుకొనెను. అంతట, మూలమే ప్రమాణమన్నవారిలో పెక్కుమంది ‘మా యుద్దేశ మది కాదు’ అని మొరపెట్టిరి. జూలైలో చిట్టాను చీల్చి సొమ్ము మరలించిరి. చీలికకు ఒప్పుకొననివారు పాత చిట్టానే పట్టుకొని వేరైరి. ఆపద వచ్చిన దినమున అందరును వెదకినది ఉద్దేశమునే. దానిని ముందుగా వ్రాసియుంచు చోటు వ్యాఖ్య కాక మరేమి?

ఇది కంప్యూటరు పనివారి గొడవయని చదువరులు పుట తిప్పవలదు. మా వీథిలో నొక పెద్దమ్మ పొలము దస్తావేజు తెచ్చి, “నాయనా, తూర్పు హద్దు ఏమని వ్రాసినారో చదివి పెట్టు” అని మమ్మడిగెను. ఏనాడో వేలిముద్ర వేసినది. నేటివరకు ఆమెకు ఎవరును చదివి వినిపింపలేదు. 1984లో కరణీకములు రద్దయినవి. కరణముగారికి మాత్రమే తెలిసిన మర్మములు కొన్ని వారితోనే పోయినవి. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము భూమి దాఖలాలను బ్లాక్‌చెయిన్‌పై నుంచు ప్రయోగమునకు పూనుకొన్నది. దిద్ద వీలులేని చిట్టా మోసగానికి అడ్డుకట్టయే. కాని అందు ఎక్కించినదేమో ఆ పెద్దమ్మకు తెలియనిచో, ఆమె కరణముగారి కట్ట విడిచి కంప్యూటరుగారి కట్టలో పడినట్లే యగును.

కావున మూలము మార్చిన దినముననే వ్యాఖ్యను మార్చవలెను. ఏమి చేయుచున్నదో మూలమే చెప్పును గనుక, ఎందులకు చేయుచున్నదో, ఎచ్చట ప్రమాదమో వ్యాఖ్య చెప్పవలెను. చచ్చిన వ్యాఖ్యను దాచక తీసివేయవలెను. సామాన్యుల సొమ్ము ముట్టుకొను ప్రతి ఫంక్షనునకును తెలుగున నొక తాత్పర్యము వ్రాయవలెను. మేము మా లైబ్రరీకి ఈ పని మొదలిడితిమి. ఇక గృహస్థులు చేయవలసినది యొకటే: కాగితముపైనైనను, ఫోనుపైనైనను, తాత్పర్యము చెప్పనిదే సమ్మతి నీయకుండుట. అడుగువారు లేనిచోట చెప్పువారు పుట్టరు.