రెండడుగుల తేడా

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి మాధాపూర్, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ, కోకాపేట ప్రాంతాలలో రాతినేల తవ్వకం ఆగలేదు. అద్దాల మేడలను అందరూ చూస్తారు; వాటి పునాదుల కొరకు బండను పగలగొట్టే పొక్లెయిన్లు దేని మీద, ఏ దారిన వస్తాయో ఆలోచించేవారు అరుదు. ఆ యంత్రాలను మోయడమే మా ఇంటి వృత్తి గనుక మాకు భోజనాల వేళ సైతం ట్రైలర్ల ప్రస్తావన తప్పదు.

పాత ట్రైలరుకు కాలం చెల్లి కొత్తది కొనవలసి వచ్చినప్పుడు మాలో అభిప్రాయభేదం కలిగింది. అబ్బాజాన్ మామూలు ట్రైలరే మేలన్నారు. పోయేటప్పుడు యంత్రం, వచ్చేటప్పుడు ఇనుమో సిమెంటో వేసుకొని రావచ్చు. బల్ల కిందికి ఉండే లోబెడ్ అయితే తరచు ఖాళీగా తిరిగి రావలసినదే గదా అని వారి వాదం. డీజిలు లెక్క తెలిసినవారెవరూ దానిని కొట్టిపారవేయలేరు.

కొలతలు మాత్రం వేరొక మాట చెప్పాయి. 20 టన్నుల తరగతి పొక్లెయిన్ చేతిని ముడిచినా సుమారు 3 మీటర్ల ఎత్తు ఉంటుంది. మామూలు ట్రైలరు బల్ల నేలకు ఇంచుమించు 1.5 మీటర్లు. వెరసి 4.5. లోబెడ్ బల్ల 0.9 మీటర్లయితే మొత్తం 3.9. రోడ్డును దాటే హైటెన్షన్ తీగ కనీసం 6.1 మీటర్ల ఎత్తున ఉండాలని నియమం ఉన్నది. కాని సందులలోని కేబుల్ తీగలు నియమాలు చదువుకొని వేలాడవు. అండర్‌పాస్ ముందరి బోర్డునూ పూర్తిగా నమ్మరాదు. తారు మీద తారు పోసిన కొద్దీ రోడ్డు పైకి లేస్తుంది, బోర్డు మీది అంకె మారదు.

ఈ రెండడుగుల తేడాను ఇంతకాలం పూరించినది క్లీనరు కుర్రవాడు. యంత్రం పైకెక్కి, వెదురు గడతో తీగలను ఎత్తిపట్టి బండిని సాగనంపడం ఈ వృత్తిలో అందరూ ఎరిగిన ఆచారం. అర్ధరాత్రి చీకటిలో ఏది కేబుల్ తీగో, ఏది కరెంటు తీగో ఎవరు చెప్పగలరు? తడిసిన వెదురు ప్రాణం కాపాడదు. “ఆ పిల్లవాడికీ తల్లి ఉన్నది కదండీ” అని అమ్మీజాన్ అన్న పూట ఇనుము, సిమెంటుల ప్రసంగం ముగిసింది.

రాయగిరి రాతితో మలచిన హుస్సేన్‌సాగర్ బుద్ధ విగ్రహాన్ని 192 చక్రాల వాహనం మీద పడుకోబెట్టి నగరానికి తెచ్చారు. 58 అడుగుల మూర్తికి ఆ ఉపాయం సరిపోయింది. పొక్లెయిన్‌ను పడుకోబెట్టలేము, బల్లనే దించవలె.

ఎంత దించవలెనన్నది మరొక చిక్కు. దాదాపు నేలను తాకే ట్రైలరును కూడా మాకు చూపారు. చూడ ముచ్చటగానే ఉన్నది గాని, మన స్పీడ్ బ్రేకర్ల మీద ముందు చక్రాలు దాటేలోగా దాని పొట్ట ఆనుకుంటుంది. బల్ల దిగిన భాగం పొక్లెయిన్ గొలుసుల నిడివికి, అనగా సుమారు 4 మీటర్లకు, చాలకపోయినా ప్రయోజనం లేదు. బరువు వేసిన తరువాతనే ఎత్తు కొలవమని పట్టుబట్టి, మేము 0.9 మీటర్ల బల్లనే ఎన్నుకున్నాము. ఎక్కించే వాలు తగ్గింది గనుక వానలో యంత్రం జారుతుందన్న భయమూ కొంత తగ్గింది.

తిరుగు బాడుగ లేని లోటు మాత్రం ఉన్నది. ఆ లెక్కను అబ్బాజాన్ నెలనెలా మాకు వినిపిస్తూనే ఉన్నారు.