బల్ల చివర నిలబడే మనిషి

ఉద్యోగాల ప్రత్యేక సంచికకు "పది మందితో పని చేయించడం ఎలా" అన్న విషయం మీద రాయమన్నారు మా సంపాదకులు. హైదరాబాద్‌లో ఏదైనా పెద్ద కంపెనీకి వెళ్లి మాట్లాడి రమ్మన్నారు. నేను పెడన వెళ్తానన్నాను. అక్కడి ఒక కలంకారీ అద్దకం షెడ్డులో మేస్త్రి గురించి మా మేనత్త ఎప్పటినుంచో చెబుతోంది. ఆయన గొంతు పెంచగా ఎవరూ వినలేదట, ఆయన దగ్గర పని మానేసినవాళ్లూ లేరట. సంపాదకులు కాదనలేదు.

షెడ్డులో చూడాల్సినవి చాలానే ఉన్నాయి. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేసిన లేత పసుపు గుడ్డలు, బెల్లం నీళ్లలో నానుతున్న తుప్పు ఇనుము, గోడవారన వరుసగా పేర్చిన టేకు అచ్చులు. యజమాని ఒక్కొక్కటీ చూపిద్దామనుకున్నారు. నా కాళ్లు మాత్రం అద్దకం బల్ల దగ్గరే ఆగిపోయాయి.

పొడవాటి బల్ల. దాని మీద మడతలుగా పరిచిన గోనెపట్టాలు, పైన గుడ్డ. నలుగురు కుర్రాళ్లు నిలబడి అద్దుతున్నారు. రంగు పెట్టెలో అచ్చు ఆనించడం, పక్క పువ్వు అంచుకు సరిచూసి గుడ్డ మీద పెట్టడం, పిడికిలితో పైనుంచి ఒక్క గుద్దు. ఇంతే పని. కానీ ఇందులో ఒక చిక్కుంది. నలుపు కంటికి వెంటనే కనిపిస్తుంది, కరక్కాయ పట్టిన గుడ్డకు ఇనుపనీరు తగలగానే నల్లబడుతుంది కాబట్టి. ఎరుపు అలా కాదు. ఎర్రగా రావలసిన చోట అద్దేది పటిక. గుడ్డను ఆరబెట్టి, పారే నీళ్లలో జాడించి, రంగు నీళ్లలో ఉడికించాకే ఎరుపు తేలుతుంది. అంటే ఇవాళ చేయి తప్పితే ఆ తప్పు కొన్నాళ్లకు కాగులోంచి బయటపడుతుంది. అప్పుడు అరిచి ఏం లాభం?

మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. కుర్చీ ఉంది, కూర్చోరు. బల్ల చివర నిలబడి గుడ్డ వంక కూడా పెద్దగా చూడకుండా వింటున్నారు. అవును, వింటున్నారు. అచ్చు నాలుగు మూలలా ఆనితే గుద్దుకు ఒక నిండు చప్పుడు వస్తుంది. ఒక మూల లేస్తే చప్పుడు పొడిగా ఉంటుంది. నాకు ఎంత చెవి పెట్టినా తేడా తెలియలేదు. ఆయన ఉన్నట్టుండి మూడో కుర్రాడి దగ్గరికి నడిచి, "ఏదీ, ఇటివ్వు నాయనా" అని అచ్చు తీసుకున్నారు. బొటనవేలితో దాని ముఖం తడిమారు. ఆ వేలి చివర తోలు కాయ కట్టి నున్నగా మెరుస్తోంది. తర్వాత రంగు పెట్టెలో గుడ్డ నొక్కి చూసి, రెండు పువ్వులు తానే అద్ది, అచ్చు తిరిగి కుర్రాడి చేతిలో పెట్టారు. బల్ల మొత్తానికీ వినబడేలా "పెట్టెల్లో గుడ్డ ఆరిపోతోంది, అందరూ ఒకసారి తడి చూసుకోండి" అన్నారు.

ఆ కుర్రాడి తప్పు కాదా అని పక్కకు పిలిచి అడిగాను. "వాడిదేనండీ. తడి చూసుకోవద్దూ? కానీ వాడి పేరు పెట్టి అంటే ఈ పూటంతా వాడు నా మొహం చూస్తూ అద్దుతాడు. నాకు వాడి చూపు అచ్చు మీద కావాలి" అన్నారు.

ఉడికించాక చెడితే? అలాంటి లాటును యజమాని ముందుకు తానే పట్టుకెళ్తానన్నారు. కుర్రాళ్ల కూలి కోయనివ్వరట. చూడటానికే తనకు డబ్బిస్తున్నారని, చూడలేకపోతే అది తన లోపమేనని ఆయన లెక్క.

నాయకత్వం మీద మన శిక్షణ తరగతుల్లో తప్పకుండా వినిపించే ఉదంతం ఒకటుంది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి వదిలిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ సముద్రం పాలైతే అప్పటి ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్ విలేకరుల ముందుకు వచ్చి బాధ్యత తన మీద వేసుకున్నారు. 1980 జులై 18న అది విజయవంతమైతే మాట్లాడమని ఆ ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాంను ముందుకు పంపారు. కలాం స్వయంగా పలుచోట్ల చెప్పిన సంగతి ఇది, ఎన్నిసార్లు విన్నా గౌరవం పెరుగుతుంది. కానీ మనం దాన్ని ఒక మహానుభావుడి గొప్పతనంగా విని చప్పట్లు కొట్టి లేచిపోతాం. పెడనలో అదే పని రోజుకూలి లెక్కల మధ్య, ఎవరూ చెప్పుకోకుండా జరుగుతోంది. ఇది నేర్చుకోదగ్గ పని అని అక్కడే నాకు గట్టిగా అనిపించింది.

మరి నేర్పేవాళ్లేరీ? వెనక తొట్టి దగ్గర గుడ్డలు జాడిస్తున్న ఇద్దరు ఆడవాళ్ల మాటలు చెవిన పడ్డాయి. మొన్నటిదాకా పనిచేసిన మరో చోట సూపర్‌వైజర్ గురించి చెప్పుకుంటున్నారు. "అడిగితే చెప్పడు, చెడితే అరుస్తాడు. అచ్చు ఎటు పట్టుకోవాలో తెలీదు కానీ ఫోన్‌లో టైము చూస్తాడు" అంది పెద్దామె. ఈ మాట హైదరాబాద్ ఆఫీసుల్లోనూ ఎన్నోసార్లు విన్నాను. మన దగ్గర బాగా పని చేసేవాడిని పైకెక్కిస్తారు, లేదా పని తెలియనివాడిని తెచ్చి పైన కూర్చోబెడతారు. ఎదుటివాడి తప్పును వాడి మనసు విరగకుండా దిద్దడం ఎలాగో మొదటివాడికీ నేర్పరు, రెండోవాడికీ నేర్పరు. జీతం పెంచి గది ఇస్తే వచ్చేస్తుందనుకుంటారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

ఒకప్పుడు బందరు రేవు నుంచి పర్షియాకూ ఐరోపాకూ ఓడలెక్కిన అద్దకం ఇది. 1700లోనూ 1721లోనూ ఇంగ్లండ్ మన అద్దకపు గుడ్డల మీద నిషేధ చట్టాలు తెచ్చినా బతికింది. ఇప్పుడు స్క్రీన్ ప్రింటింగ్ చవగ్గా అవే పువ్వులు వేసేస్తోంది. దానితో పోటీ పడాలంటే బల్ల మీద పని నాణ్యంగా ఉండాలి, నాణ్యం నిలవాలంటే మేస్త్రి ఉండాలి. అచ్చు పట్టుకోవడం నేర్పే శిక్షణ గురించి అందరూ మాట్లాడతారు. బల్ల నడపడం నేర్పాలన్న ఊసు నేనెక్కడా వినలేదు. పాత మేస్త్రులు ఒక్కొక్కరే తప్పుకుంటుంటే ఆ చోట రిజిస్టరు పట్టుకున్నవాళ్లు వచ్చి నిలబడుతున్నారు.

ఈ మేస్త్రి మాత్రం తన తర్వాత ఎవరన్నది తేల్చుకున్నారు. తొట్టి దగ్గర మాట్లాడిన ఆ పెద్దామే. రంగులు నింపే పని నుంచి అద్దకం దాకా అన్నీ చేసింది, కొత్తవాళ్లకు విసుక్కోకుండా చెబుతుంది. కంటి ఆస్పత్రికి వెళ్లే రోజుల్లో బల్ల ఆమెకు అప్పగిస్తానని యజమానికి చెప్పారు. మగవాళ్లు ఆమె మాట వింటారా అని యజమాని ఇంకా నసుగుతున్నారు. వెళ్లొస్తానని చెప్పేటప్పుడు ఆయనతో ఉండబట్టలేక అన్నాను, ఆలస్యం చేయకండీ అని. "లాటు చెడితే ఎవరు పడతారండీ?" అని అడిగారు. తానే పడతానని మేస్త్రి ఆయనకు అప్పటికే చెప్పి ఉన్నారు.